ఆరువందల గ్రాముల కాకరకాయ కారం

ఈ కథలో ఎవరూ చావలేదు. అందులో మీ గొప్పేమీ లేదు. అమెరికాలోని హెర్న్‌డన్‌లో ‘మన వీధి – మన భద్రత’ అని వాట్సాప్ గ్రూపు పెట్టుకుని, పాలిమర్ పిస్తోలు మంచిదా స్టీలు పిస్తోలు మంచిదా అని నలభై రోజులు కొట్టుకుచచ్చిన మీ అరవై ముగ్గురూ ముద్దాయిలే. బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకున్నవాళ్ళు కూడా. బరువు అడిగారు. ధర అడిగారు. చెమటకు తుప్పు పడుతుందా, ఎన్ని తూటాలు పడతాయి, సీటు బెల్టు కింద గుచ్చుకుంటుందా అని అడిగారు. ఇంట్లో తొమ్మిదేళ్ళ పిల్ల ఉంది కదా, ఆ వస్తువును ఎక్కడ పెడతావయ్యా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ రెండు లైన్లలో అయిపోయేది. అడగలేదు కాబట్టి మొత్తం వినండి.

ఆ ఆదివారానికి రఘువీర్ వేసుకున్న ప్లాను చాలా మామూలుది. తొమ్మిదిన్నరకు పక్క వీధి సాయి ప్రియ కారు తెచ్చి, కూతురు అనికను తెలుగు బడికి తీసుకెళ్తుంది. భార్య కనకదుర్గ వారానికి సరిపడా దోసెల పిండి రుబ్బుకుంటుంది. అతను కాఫీ తాగి, పిస్తోలు నడుముకు తగిలించుకుని, బ్రహ్మయ్యగారితో షూటింగ్ రేంజికి వెళ్ళి, యాభై తూటాలు కాల్చి, వచ్చేటప్పుడు కొత్తిమీర పట్టుకొస్తాడు. నలభై నాలుగేళ్ళ డేటాబేస్ ఇంజినీరు ఆదివారం నుంచి ఇంతకన్నా కోరుకునేది ఏముంటుంది.

అసలు అతనికి పిస్తోలు ఎందుకంటే, దసరాకు ముందు ఆ వీధిలో రెండిళ్ళలో దొంగలు పడ్డారు. మనవాళ్ళ ఇళ్ళలో బంగారం ఉంటుందని దొంగలకు తెలిసిపోయిందని గ్రూపు తేల్చింది. ఆ మర్నాడే తుపాకుల చర్చ మొదలైంది. రఘువీర్‌కు గ్రీన్‌కార్డు వచ్చి ఏడాదయింది. ఒక పూట క్లాసులో కూర్చుని పర్మిట్ తెచ్చుకున్నాడు. ఇక ఏది కొనాలన్నదే మిగిలింది. కారు కొన్నప్పుడు చేసినట్టే ఎక్సెల్ షీటు తెరిచాడు. పంతొమ్మిది కాలమ్‌లు, పదకొండు మోడళ్ళు, ఒక్కోదానికి పదికి ఇన్ని మార్కులని.

స్టీలు పార్టీకి పెద్ద బ్రహ్మయ్యగారు. ఉక్కు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు చేసి, రిటైరై, కొడుకూ కోడలి దగ్గర పక్క వీధిలో ఉంటున్నాడు. కోడలే ఈ సాయి ప్రియ. ఆయన స్టీలు గ్లాసులో తప్ప మంచినీళ్ళు తాగడు. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టినది అమృతమైనా ముట్టడు. ఇంట్లో గరిటెతో సహా అన్నిటి మీదా తన పేరు చెక్కించాడు. ఆయన నడుముకు కిలో పైన బరువున్న స్టీలు పిస్తోలు ఉంటుంది. దాని దెబ్బకు ప్యాంటు కుడివైపు జారుతుంటే ఎడమచేత్తో పట్టుకుని నడుస్తాడు. దొంగ వస్తే ఏ చెయ్యి వదలాలో ఆయన ఇంకా తేల్చుకోలేదు.

“ఇనుము బరువుంటేనేనోయ్ చెయ్యి అదరదు. నీ పాలిమర్ అంటే ఏంటి, ప్లాస్టిక్కేగా? బకెట్టు పట్టుకుని యుద్ధానికి వెళ్తావా?” అని ఆయన రఘువీర్‌ను నిలదీశాడు.

పాలిమర్ పార్టీ కూడా తక్కువ తినలేదు. రోజంతా మోసేవాడికి బరువే శత్రువు అన్నారు. చెమట పట్టినా తుప్పు పట్టదన్నారు. ఓటింగ్ పెడితే పాలిమర్‌కు ముప్పై ఒకటి, స్టీలుకు ఇరవై ఏడు వచ్చాయి. పెప్పర్ స్ప్రే చాలదా అని రాసిన ఒకావిడను గ్రూపులోంచి తీసేశారు. రఘువీర్ పాలిమర్‌దే కొన్నాడు. ఖాళీగా తూస్తే ఆరువందల గ్రాములు లేదు. రోజూ మొయ్యడానికి అంతకన్నా హాయి ఇంకొకటి లేదని షీటు చెప్పింది. రోజూ మొయ్యడమంటే ఎక్కడికో అనుకునేరు. అతనిది ఇంటినుంచి పని. పడకగదిలోంచి బేస్‌మెంట్‌కి, బేస్‌మెంట్‌లోంచి వంటగదికి, మళ్ళీ బేస్‌మెంట్‌కి. దారిలో అతనికి ఎదురయ్యే ప్రమాదం డిష్‌వాషర్ తలుపు ఒక్కటే.

శనివారం ఇంటిల్లిపాదీ గుడికి వెళ్ళాల్సి వచ్చింది. గుళ్ళోకి తుపాకులు తేవద్దని బోర్డు ఉంది. పిస్తోలు ఎక్కడ పెట్టాలి? పడకగది సొరుగంటే, ట్యాబ్లెట్ చార్జర్ కోసం అనిక అన్ని సొరుగులూ లాగుతుంది. కారులో పెడితే కారే పోవచ్చు. రఘువీర్ బుర్ర గోక్కుని, తెలుగిల్లు అన్న ప్రతిచోటా ఉండే పెద్ద పెరుగు డబ్బా ఒకటి తీశాడు. అయిదు పౌండ్లది, పెరుగైపోయాక కడిగి దాచినది. పిస్తోలును లోడు చేసింది చేసినట్టే వంటింటి తువ్వాలులో చుట్టి అందులో పెట్టాడు. లోడు చెయ్యని తుపాకీ రాయితో సమానమని బ్రహ్మయ్యగారే చెప్పాడు మరి. మూత పెట్టి, దానిమీద టేపు అంటించి, మార్కరుతో ‘కాకరకాయ కారం’ అని రాశాడు. ఆ పేరు చూస్తే అనిక పది అడుగుల దూరంలోకి కూడా రాదు. ప్యాంట్రీలో పై అరలో పెట్టి, తన తెలివికి తనే మురిసిపోయి గుడికెళ్ళాడు. తిరిగొచ్చాక కూడా దాన్ని అక్కడే ఉండనిచ్చాడు.

ఆదివారం తొమ్మిదీ నలభైకి హోల్‌స్టర్, అంటే తుపాకీ ఒర, నడుముకు కట్టుకుని ప్యాంట్రీ తలుపు తీస్తే, పై అరలో డబ్బా లేదు.

కింది అర చూశాడు. కందిపప్పు వెనకాల చూశాడు. చెత్తబుట్ట కూడా చూశాడు. అప్పుడు మిక్సీ ఆపించి, మామూలుగా అడుగుతున్నట్టు, ఇక్కడ కాకరకాయ కారం ఉండాలే అన్నాడు. కనకదుర్గ చెయ్యి కడుక్కుని తాపీగా ఇటు తిరిగింది.

“మీ అక్క ఇచ్చిందేగా? పోయిన నెల ఎడిసన్ వెళ్ళినప్పుడు తెచ్చుకుని, నాకు చెప్పకుండా పై అరలో దాచుకున్నారు. పైగా పేరు కూడా మీరే రాసుకున్నారు. నేను చేసిన కారాలు గొంతు దిగట్లేదా మీకు?”

జరిగిందేమిటంటే, శనివారం సాయంత్రం సాయి ప్రియ స్టీలు క్యారియర్ నిండా బొబ్బట్లు తెచ్చింది. ఇంటికొచ్చిన ఆడపిల్లను ఉత్త చేతులతో పంపకూడదు. ఆ క్యారియర్‌ను ఖాళీగా ఇవ్వకూడదు. ఏమివ్వాలా అని ప్యాంట్రీ తెరిస్తే ఆడపడుచు కారం కనబడింది. బ్రహ్మయ్యగారికి షుగరు, కాకరకాయంటే మందు. ఒకే దెబ్బకు మర్యాదా దక్కింది, ఆడపడుచు సరుకూ ఇంట్లోంచి పోయింది. కనకదుర్గ మూత తీసి కూడా చూడలేదు. ఆడపడుచు కారం వాసన చూడాల్సిన అవసరం ఆమెకు లేదు. చేత్తో ఎత్తి చూసింది, కారం ఎంత ఉండాలో అంతే ఉంది. కిలో పైన ఉంటే అనుమానం వచ్చేదేమో. పాలిమర్ పార్టీ గెలిచింది కాబట్టి రాలేదు.

రఘువీర్ సాయి ప్రియకు ఫోన్ చేశాడు. ఇక్కడ అతను నిజం చెప్పొచ్చు. చెప్పలేదు. చెబితే ఆమె మొగుడికి చెబుతుంది, మొగుడు గ్రూపులో పెడతాడు, పరువు పోతుంది, పర్మిట్ పోతుంది, ఎక్కడిదాకా పోతుందో తెలియదు. అందుకని ఆ డబ్బా కాస్త వెనక్కి కావాలమ్మా అన్నాడు. అవతల ఫోనులో సూపర్‌మార్కెట్ పాట వినిపించింది, దాని మీదుగా సాయి ప్రియ గొంతు.

“ఇచ్చింది వెనక్కి అడుగుతున్నారా అన్నయ్యా?”

“అది కాదమ్మా, మా అక్క నాకోసం ప్రత్యేకంగా...”

“మా మామగారు ప్లాస్టిక్ డబ్బాలోది తినరు కదా. వేరే గిన్నెలోకి తీస్తా అన్నా వద్దన్నారు. పొద్దున బడి స్టాల్‌కి ఇచ్చేశాను. పోనీ డబ్బులు ఇవ్వమంటే ఇచ్చేస్తాను, కారానికి.”

“స్టాల్‌కా? ఏ స్టాల్?”

“తెలుగు బడిలో ఫుడ్ స్టాల్ అన్నయ్యా, ఫండ్ కోసం. ఈ వారం అనిక వాళ్ళ క్లాసుదే డ్యూటీ. డబ్బా ఒలికిపోతుందని దారి పొడుగునా అదే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, పాపం.”

రఘువీర్ ఫోను పెట్టేసి చెప్పుల కోసం వెళ్ళాడు. పాతిక నిమిషాల క్రితం కారు వెళ్తుంటే అనిక కిటికీలోంచి చెయ్యి ఊపింది, అతనూ ఊపాడు. రెండో చెయ్యి ఆ పిల్ల దేనిమీద పెట్టుకుందో అతను చూడలేదు.

అప్పుడు చెప్పాడు కనకదుర్గకు, చెప్పులేసుకుంటూ, గుమ్మంలో. ఆమె అరవలేదు. తడి చేతుల్తో గోడ పట్టుకుని, “లోడు చేసుందా?” అని మాత్రం అడిగింది. అతను వానలోకి పరిగెత్తాడు. అదే జవాబు.

కారు దగ్గర బ్రహ్మయ్యగారు రేంజికి తయారై, ఎడమచేత్తో ప్యాంటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏంటి ఏంటి అంటూనే ఎక్కి కూర్చున్నాడు. దారిలో రఘువీర్ సంగతి చెబితే ఆయన సీటులో ఇటు తిరిగాడు.

“అందుకే చెప్పాను స్టీల్‌ది కొనమని. బరువుకే తెలిసిపోయేది మీ ఆవిడకి” అన్నాడు.

నైన్ వన్ వన్‌కు ఫోన్ చేసి పోలీసులను పిలవాలని రఘువీర్‌కు తట్టకపోలేదు. పన్నెండు నిమిషాల దారిలో మూడుసార్లు తట్టింది. మూడుసార్లూ గ్రీన్‌కార్డు గుర్తొచ్చింది. ఎవరికీ తెలియకుండా వెళ్ళి, డబ్బా తీసుకుని, స్టాల్‌లో ఇరవై డాలర్లు పెట్టి, వచ్చేద్దాం. అదీ అతని ప్లాను. పిల్ల ఒక పక్క, పరువు ఒక పక్క పెట్టి తూచిన తండ్రిని చూడండి. ఆ షీటులో మాత్రం అతను ఏ కాలమ్ కింద ఎన్ని మార్కులు వేశాడో ఎవరికీ చూపించడు.

ఈలోగా ఇంట్లో కనకదుర్గ చెయ్యాల్సిన పని చేసింది. బడి నడిపే ఛాయాదేవికి ఫోన్ చేసి, “ఛాయగారూ, మీ బడిలో గన్ ఉందండీ” అంది. స్టాల్ మీద కారం డబ్బాలో, ఎవరినీ ముట్టుకోనివ్వకండి అని రెండో మాట అనేలోపు అవతల ఫోన్ పెట్టేశారు. అందులో ఛాయాదేవి తప్పు లేదు. ఈ దేశంలో బడిలో ఉన్నవాళ్ళు ఆ మొదటి మాట విన్నాక రెండోదాని కోసం ఆగరు. ఆమె పోలీసులకు ఫోన్ చేసి, క్లాసుగదుల తలుపులకు గడియలు వేయించి, లైట్లు ఆర్పించి, చివరి గది కిటికీలోంచి బయటికి చూసింది. వానలో ఒక కారు అడ్డదిడ్డంగా వచ్చి ఆగింది. తలమీదకు హుడ్ లాక్కున్న మనిషి ఒకడు దిగి బడివైపు పరిగెత్తుకొస్తున్నాడు. గాలికి జాకెట్టు ఎగిరితే నడుముకు హోల్‌స్టర్ కనిపించింది. అది ఖాళీదని అంత దూరం నుంచి ఎవరికి తెలుస్తుంది? రఘువీరే కట్టుకున్న సంగతి మర్చిపోయాడు.

బ్రహ్మయ్యగారు కారు దిగలేదు. తుపాకీతో బడిలోకి రాకూడదని చట్టం ఉందని, తను చట్టం తప్పనని చెప్పి, తలుపులు లాక్ చేసుకుని కూర్చున్నాడు.

ఆదివారాలు ఆ స్కూలు భవనాన్ని తెలుగు బడికి అద్దెకిస్తారు. ముందు తలుపు దానంతటదే తాళం పడేది. కానీ అమ్మలందరూ వంటలు మోసుకొస్తారని పొద్దున్నే ఎవరో దానికి కుర్చీ అడ్డం పెట్టారు. హడావుడిలో ఆ కుర్చీ తియ్యడం ఎవరికీ గుర్తులేదు. రఘువీర్ దాన్ని తోసుకుని లోపలికెళ్ళాడు. లైట్లు లేవు. మనుషులు లేరు. కేఫెటేరియాలో పొడుగు బల్లల మీద చేగోడీలు, జంతికలు, పులిహోర ట్రేలు ఉన్నాయి. ఒక పళ్ళెం కింద పడి లడ్డూలు దొర్లి ఉన్నాయి. అంత నిశ్శబ్దం ఎందుకుందో అతను ఆలోచించలేదు. ఎవరూ లేకపోవడం మంచిదే అనుకున్నాడు. అనికా అని ఒక్క కేక వేస్తే సరిపోయేది. వెయ్యలేదు, ఎవరైనా వింటారని. హుడ్ తియ్యలేదు, ఎవరైనా చూస్తారని. మునివేళ్ళ మీద నడుస్తూ బల్ల వెంబడే ఒక్కో డబ్బా పేరు చదువుకుంటూ పోతున్నాడు. కరివేపాకు కారం. నువ్వుల కారం. కంది పొడి. కాకరకాయది లేదు.

అది బల్ల కిందుంది, అనిక చేతుల్లో.

కేఫెటేరియాకు గడియ లేదు. స్టాల్‌లో ఉన్న ఆరుగురు పిల్లలు ఎటూ పోలేక బల్లల కింద దూరారు. అందరిలోకీ పెద్దది అనిక. కిండర్‌గార్టెన్ నుంచి ఏడాదికి నాలుగుసార్లు, తుపాకీవాడు బడిలోకొస్తే ఏం చెయ్యాలో డ్రిల్లు చేసిన పిల్ల. మాట్లాడకూడదు. ఏడవకూడదు. దాక్కోవాలి. అయినా వాడు దగ్గరికి వచ్చేస్తే, చేతిలో ఏది ఉంటే అది మొహం మీదకు విసిరి పారిపోవాలి. మిగతావాళ్ళు జంతికలు పట్టుకుంటే అనిక బరువున్నది వెతుక్కుంది. అడుగుల చప్పుడు బల్ల చివర ఆగింది. పిల్ల లేచి, రెండు చేతులా ఎత్తి, తన బలమంతా పెట్టి విసిరింది.

డబ్బా రఘువీర్ కనుబొమ్మ మీద పగిలింది. మూత ఒకవైపు, తువ్వాలు ఒకవైపు ఎగిరాయి. నల్లటి పిస్తోలు నేలమీద పడి, జారుకుంటూ వెళ్ళి, తండ్రికీ కూతురికీ మధ్య ఆగింది. పేలలేదు. ఎందుకు పేలలేదంటే మీరు దేవుడి పేరు చెప్తారు, కంపెనీవాడు తన డిజైన్ పేరు చెప్తాడు. ఎవరి పేరు చెప్పుకున్నా సరే, దాని గొట్టం ఆగింది ఆరుగురు పిల్లల వైపు.

రఘువీర్ హుడ్ తీశాడు. కంట్లోకి రక్తం కారుతోంది. “నేనేనమ్మా” అన్నాడు. అనిక మొహంలో భయం పోతుందని చూశాడు. పోలేదు. పిల్ల అతన్ని చూసింది, నడుముకున్న ఖాళీ హోల్‌స్టర్ చూసింది, నేలమీదున్నదాన్ని చూసింది, మళ్ళీ అతన్ని చూసింది. తొమ్మిదేళ్ళ పిల్లకు అంత లెక్క వస్తుందని అతను అనుకోలేదు.

బయట సైరన్లు ఆగాయి. రఘువీర్ వంగాడు. కింద పడ్డది తియ్యడం అతనికి అలవాటు.

“నాన్నా, డోంట్ టచ్ ఇట్.” అంది అనిక. “చేతులు పైకి పెట్టు. అది నీ చేతిలో ఉంటే వాళ్ళు నిన్ను షూట్ చేస్తారు.”

అతని చెయ్యి పిస్తోలుకు జానెడు దూరంలో ఉంది. దాన్ని పైకెత్తి, రెండోది కూడా ఎత్తాడు. అంతలోనే తలుపులోంచి ఇద్దరు పోలీసులు వచ్చారు. ముందున్నవాడి వేలు ఎక్కడుందో రఘువీర్ చూశాడు. ఆ తర్వాత అతని చెంప నేలకు ఆనింది, చేతులు వెనక్కి పోయాయి. అక్కడినుంచి అతనికి కనిపించినవి బూట్లు మాత్రమే. పిల్లలను ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేయించి వరసగా బయటికి నడిపిస్తున్నారు. ఆరు జతలు లెక్కపెట్టాడు. చివరివి ఊదారంగువి, పోయిన నెలే తను కొన్నవి. అవి అతని పక్కనుంచే వెళ్ళాయి. ఆగలేదు.

కారులోంచి బ్రహ్మయ్యగారిని కూడా దించారు. చేతులు పైకెత్తమంటే ఎత్తాడు. ప్యాంటు పట్టుకునే దిక్కులేక ఏమైందో ఆయన ఏ గ్రూపులోనూ రాయలేదు.

స్టేషన్‌లో ఒక ఆఫీసరమ్మ రఘువీర్ ఎదురుగా పిస్తోలు అట్టపెట్టె పెట్టింది. ఇంట్లోంచి తెచ్చారు. దాని అడుగున చిన్న కవరులో తాళం ఉంది, దుకాణంవాడు పిస్తోలుతోపాటు ఊరికే ఇచ్చింది. కవరు చించలేదు. ఇది ఎందుకు వాడలేదని అడిగింది. పాలిమర్ ఎంత వేడికి మెత్తబడుతుందో రఘువీర్‌కు తెలుసు. స్టీలు గొట్టం ఎన్ని వేల తూటాలకు అరుగుతుందో తెలుసు. ఈ ప్రశ్నకు మాత్రం అతని దగ్గర కాలమ్ లేదు.

పిల్లలకు అందేలా తుపాకీ వదిలేసినందుకు కేసు పెట్టారు. పర్మిట్ పోయింది. గ్రీన్‌కార్డు సంగతి కోర్టు అయ్యాక చూద్దామని లాయరు అన్నాడు, చూద్దాం అన్న మాటకు వేరే ఫీజు. ఇక మీ గ్రూపు సంగతి. ఆ సాయంత్రం మూడువందల నలభై మెసేజులు. స్టీల్‌దైతే చిన్నపిల్ల ఎత్తి విసరగలిగేదా అని స్టీలు పార్టీ అడిగింది. స్టీల్‌దైతే రఘువీర్ తల ఉండేదా అని పాలిమర్ పార్టీ అడిగింది. మళ్ళీ ఓటింగ్ పెట్టారు. ఈసారి సమానంగా వచ్చాయి.

అనిక తండ్రితో మాట్లాడుతుంది. అన్నం తిన్నావా అంటే తిన్నాను అంటుంది. అతను గదిలోకి వస్తే ముందు అతని నడుము వైపు చూస్తుంది, తర్వాత మొహం వైపు. అది మానుతుందని అతను రోజూ ఎదురుచూస్తున్నాడు. ఇంకో పని కూడా మొదలుపెట్టింది. ఎవరింటికైనా ఆడుకోవడానికి పిలిస్తే, గుమ్మంలోనే నిలబడి, బూట్లు విప్పకుండా అడుగుతుంది: “ఆంటీ, మీ ఇంట్లో గన్ ఉందా? ఎక్కడ పెట్టారు? లాక్ చేశారా?” మొదటి ఆంటీ నవ్వింది. రెండో ఆంటీ కనకదుర్గకు ఫోన్ చేసి, పిల్లకు కాస్త మర్యాద నేర్పమంది. మూడో ఆంటీ పిలవడం మానేసింది. ఈ ఏడాది ఆ వీధిలో ఏడు పుట్టినరోజులు జరిగాయి. అనిక రెండిటికి వెళ్ళింది. తక్కిన అయిదిళ్ళ వాళ్ళకు నవ్వొచ్చిందో సిగ్గేసిందో తెలియదు గాని, జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ జవాబు ఇప్పుడు చెప్పండి. ఈ రాత్రికి కాదు, శనివారానికి కాదు, ఓటింగ్ పెట్టి కాదు. లేచి వెళ్ళండి. మీది పాలిమరో స్టీలో ఎవరికీ అక్కర్లేదు. తూటాలు తియ్యండి, తాళం వెయ్యండి, తాళంచెవి పిల్లలకు అందని చోట పెట్టండి, తూటాలు ఇంకో చోట పెట్టి దానికీ తాళం వెయ్యండి. మీ పిల్లను ఇంకొకరింటికి పంపేముందు అనిక అడిగిన మూడు ప్రశ్నలూ మీరే, మీ నోటితోనే, గుమ్మంలో నిలబడి అడగండి. మిమ్మల్ని ఎవరైనా అడిగితే మొహం మాడ్చుకోకుండా తలుపు తీసి తాళం చూపించండి. అది అయ్యాక పిల్లలను పిలవండి.

కేకు అప్పటిదాకా ఆగుతుంది.